పదో తరగతి గణితానికి ఆన్‌లైన్‌లో ఏది మేలు: దీక్షా, ఖాన్ అకాడమీ, జియోజెబ్రా, డెస్మోస్?

గోదావరి డెల్టాలోని ఉన్నత పాఠశాలల్లో గణితం చెప్పేవారికీ, నేర్చుకొనేవారికీ ఇప్పుడు వనరుల కొరత లేదు. ఏది పట్టుకోవాలో, ఏది వదిలేయాలో తేల్చుకోవడమే కష్టం. ఇక్కడ పోల్చబోయేవన్నీ విద్యార్థికి ఉచితంగానే దొరుకుతాయి కాబట్టి ధరను పక్కన పెట్టవచ్చు. ఆ వనరు ముందు కూర్చున్న పిల్లవాడి పెన్సిలు కదులుతున్నదా, తప్పు చేస్తే అది తప్పని వెంటనే తెలుస్తున్నదా అన్నవే నేను చూసే రెండు విషయాలు.

అమలాపురంలోనైనా పాలకొల్లులోనైనా పిల్లలు మొదట తెరిచేది యూట్యూబే. తెలుగులో శ్రద్ధగా చెప్పిన పాఠాలు అందులో చాలానే ఉన్నాయి. బడికి వెళ్లలేని రోజు పోయిన పాఠాన్ని అందుకోవడానికి అంతకంటే సులువైన దారి లేదు. అయితే ఆంధ్రప్రదేశ్ పదో తరగతి గణితం 2024-25 నుంచి ఎన్సీఈఆర్టీ పాఠ్యక్రమానికి మారింది. పాత రాష్ట్ర పుస్తకంలోని సమితులు, సంవర్గమానాలు ఇప్పుడు పదో తరగతిలో లేవు. వీడియో ఏ సంవత్సరంలో పెట్టారో చూడకుండా మొదలుపెట్టిన విద్యార్థి, పరీక్షలో రాని అధ్యాయం మీద ఒక సాయంత్రమంతా గడిపే ప్రమాదం ఉంది. అంతకంటే పెద్ద లోపం మరొకటి. పాఠం చివర "అర్థమైందండి" అన్న పిల్లవాడే అదే లెక్కను తెల్లకాగితం మీద మొదలుపెట్టి మూడో మెట్టు దగ్గర ఆగిపోతాడు. ఆ ఆగిన చోటు వీడియోకు తెలియదు.

పాఠ్యక్రమం తప్పిపోయే భయం దీక్షాతో ఉండదు. కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన ఈ వేదికలో, పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేస్తే ఆ అధ్యాయానికి చెందిన పాఠమే తెరుచుకొంటుంది, తెలుగులో కూడా దొరుకుతుంది. తెలుగు మాధ్యమంలో చదువుతున్న పిల్లలకు, ఇంట్లో పక్కన కూర్చొని చూసే తల్లిదండ్రులకు మొదట చెప్పవలసింది దీన్నే. కాని పాఠాల నాణ్యత ఒక్క తీరుగా లేదు. ఒకటి చక్కగా నడిస్తే, మరొకటి పుస్తకంలోని వాక్యాలను పైకి చదివినట్లే ఉంటుంది. అభ్యాసం కూడా పలచనే.

అభ్యాసం విషయంలో ఖాన్ అకాడమీకి సాటి వచ్చేది నాకు కనిపించలేదు. అమెరికన్ విద్యావేత్త సల్మాన్ ఖాన్ 2008లో లాభాపేక్ష లేని సంస్థగా నెలకొల్పిన ఈ వేదికలో ఎన్సీఈఆర్టీ తరగతులకు అనుగుణంగా అమర్చిన గణితం ఉంది. అక్కడ వీడియోల కంటే విలువైనవి అభ్యాసాలు. x² − 5x + 6 = 0 అన్న సమీకరణాన్నే తీసుకొందాం. (x − 2)(x − 3) అని సరిగానే కారణాంకాలుగా విడగొట్టి, చివర మూలాలు −2, −3 అని రాసేసే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. నోటు పుస్తకంలో ఆ తప్పు మాస్టారు దిద్దేదాకా అలాగే ఉంటుంది. అప్పటికి అదే పద్ధతిలో ఇంకో పది లెక్కలు పూర్తయిపోతాయి. ఖాన్ అకాడమీలో మొదటి లెక్క దగ్గరే తప్పని తెలుస్తుంది, సూచన అడిగితే ఒక్కొక్క మెట్టూ విప్పి చూపుతుంది, ఆపైన అదే రకం లెక్క వేరే సంఖ్యలతో వస్తుంది. పదో తరగతికి వచ్చినా భిన్నాలు, రుణసంఖ్యల గుర్తులు పట్టుబడని పిల్లవాడు ఎవరికీ చెప్పుకోకుండా ఆరో తరగతి అభ్యాసాలకు వెళ్లి రావచ్చు. మన ఊళ్లలో తోటివారి ముందు ఆ మాట అడగడానికి పిల్లలు ఎంత సిగ్గుపడతారో తెలిసినవారికి దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

దీనికీ హద్దులున్నాయి. అది ఎక్కువగా తుది జవాబును మాత్రమే అడుగుతుంది. పబ్లిక్ పరీక్షలో మార్కులు మెట్లకు పడతాయి. ప్రాథమిక అనుపాత సిద్ధాంతానికి నిరూపణ రాయడం ఏ యాప్ నేర్పదు, దాన్ని కాగితం మీద రాసి ఉపాధ్యాయుడికి చూపించవలసిందే. ఇంగ్లీషులో ఉన్న పదసమస్యలు తెలుగు మాధ్యమం పిల్లలకు అడ్డుగోడ అవుతాయి. ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు ఉన్న మన ద్విభాషా పాఠ్యపుస్తకాన్ని పక్కనే తెరిచి పెట్టుకొంటే ఆ ఇబ్బంది చాలావరకు తీరుతుంది.

ఉపాధ్యాయుడి ఎంపిక తెర మీద గ్రాఫులు, పటాలు గీసి చూపే మరో జంట మధ్య. మార్కుస్ హోహెన్‌వార్టర్ 2001లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన జియోజెబ్రా ఒకటి, 2011 నుంచి నడుస్తున్న డెస్మోస్ ఇంకొకటి. y = x² − 4x + c అని రాసి c కి స్లైడర్, అంటే జరిపితే విలువ మారే మీట, పెట్టండి. c విలువ 3 అయితే వక్రం x-అక్షాన్ని 1, 3 వద్ద ఖండిస్తుంది. 4కు జరిపితే ఆ రెండు బిందువులూ 2 దగ్గర ఒకటైపోతాయి. 5కు వచ్చేసరికి వక్రం అక్షాన్ని వదిలి పైకి లేచిపోతుంది. విచక్షణి 16 − 4c ధనాత్మకమైతే ఏమిటి, సున్నా అయితే ఏమిటి, రుణాత్మకమైతే ఏమిటి అని బట్టీ పట్టించిన మూడు వాక్యాలు పిల్లల కళ్లెదుట జరిగిపోతాయి. ఈ పని రెండింటిలోనూ జరుగుతుంది గానీ, సమీకరణం టైపు చేసిన వెంటనే గీత వచ్చే వేగంలో, చిన్న ఫోను తెర మీద వాడుకొనే తేలికలో డెస్మోస్‌దే పైచేయి. రాజమహేంద్రవరం, కొవ్వూరుల మధ్య 1997లో వచ్చిన ఆర్చి వంతెన ఫొటోను డెస్మోస్‌లో పెట్టి, ఒక్క కమాను మీద y = a(x − h)² + k సరిపోతుందేమో మూడు స్లైడర్లతో వెతకమంటే తరగతి మొత్తం లేచి నిలబడుతుంది. ఫొటో మాత్రం కమానుకు ఎదురుగా నిలబడి తీసినదై ఉండాలి. ఏటవాలుగా తీస్తే ఆకారమే మారిపోతుంది.

జ్యామితి దగ్గరికి వచ్చేసరికి నా మొగ్గు జియోజెబ్రా వైపే. డెస్మోస్‌లోనూ జ్యామితి ఉంది, కాని నిర్మాణాలు, తయారుగా ఉన్న పాఠాలు జియోజెబ్రాలో ఎక్కువ. కొబ్బరిచెట్టు తలను 30° ఊర్ధ్వకోణంలో చూసి, 20 మీటర్లు దగ్గరకు నడిచాక అది 60° అయితే చెట్టు ఎత్తు 10√3, అంటే సుమారు 17.3 మీటర్లు. ఈ లెక్కకు పటం గీయడం దగ్గరే సగంమంది తడబడతారు. జియోజెబ్రాలో మనిషిని సూచించే బిందువును పట్టుకొని లాగుతూ కోణం మారడం చూపిస్తే, రెండు త్రిభుజాలకూ ఎత్తు ఒకటేనన్న సంగతి వాళ్లే చెబుతారు. పాఠశాలలకు వచ్చిన ఐఎఫ్‌పీ ప్యానెళ్లకు (తాకితే పనిచేసే పెద్ద తెరలకు) ఇంతకంటే మంచి ఉపయోగం నాకు తోచలేదు. ఒకసారి ఇన్‌స్టాల్ చేసుకొంటే ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది, తుపాను రోజుల్లో ఇది చిన్న సౌకర్యం కాదు.

లంక గ్రామాల్లో నెట్‌వర్క్ నిలకడగా అందనిచోట కొలిబ్రి అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ప్రయత్నించవచ్చు. పట్టణంలో ఒకసారి ఖాన్ అకాడమీ పాఠాలు, అభ్యాసాలు ఒక కంప్యూటరులోకి దింపుకొని వస్తే, బడిలోని మిగతా ఫోనులు, ట్యాబులు ఇంటర్నెట్ లేకుండానే దానికి కలిసి వాడుకొంటాయి. మొదటి ఏర్పాటుకు కాస్త ఓపిక కావాలి.

లెక్కను ఫొటో తీస్తే మెట్లతో సహా చేసిపెట్టే ఫొటోమ్యాత్ వంటి యాప్‌లను, సొంతంగా చేసిన జవాబును సరిచూసుకోవడానికి తప్ప పిల్లల చేతికి ఇవ్వకపోవడమే మంచిది.

ఇక ఉపాధ్యాయులు తమ కోసం, చురుకైన పిల్లల కోసం చూడదగినవి కొన్ని. అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం ప్రచురించే 'ఎట్ రైట్ యాంగిల్స్' గణిత పత్రిక పీడీఎఫ్‌లు ఉచితం. 2012లో మొదలైన ఈ పత్రిక వెనుక మన మదనపల్లె దగ్గరి రిషీ వ్యాలీ వారి కృషి కూడా ఉంది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం నడిపే ఎన్‌రిచ్ వెబ్‌సైటులోని సమస్యలు పాఠ్యపుస్తకం అయిపోయాక ఇంకా ఆకలిగా ఉన్న ఆ ఇద్దరు ముగ్గురు పిల్లలకు పనికొస్తాయి. ఒలింపియాడ్ ఆలోచన ఉన్నవారికి హోమీ భాభా విజ్ఞాన విద్యా కేంద్రం వెబ్‌సైటులో పాత ప్రశ్నపత్రాలున్నాయి. అయితే వాటిని అర్ధవార్షిక పరీక్షల తర్వాత కాక, తొమ్మిదో తరగతి వేసవి సెలవుల్లోనే చేతికివ్వాలి.