సీఎన్‌సీ ఆపరేటర్ కోర్సు: కొలతలు బాగా నేర్పారు, జీతం సంగతి సగమే చెప్పారు

సీఎన్‌సీ (కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో లోహాన్ని కోసే మెషిన్) ఆపరేటర్ కోర్సు పూర్తయ్యాక నిజాయితీగా రాస్తున్నా, చేరదామనుకునేవాళ్లకి పనికొస్తుంది.

కొలతలు నేర్పిన తీరు చాలా బాగుంది. 0.01 మి.మీ. తేడా మైక్రోమీటర్ మీద తడబడకుండా చదవడం వచ్చేదాకా మెషిన్ దగ్గరికి రానివ్వలేదు, డ్రాయింగ్‌లో టాలరెన్స్ (సైజులో ఒప్పుకునే తేడా) చూసి జాబ్ (మెషిన్ మీద తయారయ్యే ముక్క) పాసో రిజెక్టో చెప్పడం కూడా అలాగే అలవాటైంది. స్పీడ్ లెక్క బట్టీ పట్టించలేదు, మాతోనే చేయించారు: కటింగ్ స్పీడ్ నిమిషానికి 100 మీటర్లు, కట్టర్ వ్యాసం 20 మి.మీ. అయితే స్పిండిల్ (కట్టర్‌ని తిప్పే ఇరుసు) సుమారు 1590 ఆర్‌పీఎం (నిమిషానికి అన్ని చుట్లు), అదే 10 మి.మీ. కట్టర్ అయితే రెట్టింపు. తిరిగే స్పిండిల్ దగ్గర గ్లౌజులు వేసుకోవద్దని మొదటి క్లాసులోనే గట్టిగా చెప్పారు, ఆ ఒక్క మాటకే మాస్టారికి దండం పెట్టాలి.

నచ్చనిది ప్రాక్టికల్. మెషిన్‌కి కదలికలు చెప్పే జీ00, జీ01, జీ02 కోడ్‌లన్నీ సిమ్యులేటర్ మీదే అయిపోయాయి. అసలు మెషిన్ మీద జీ54 జీరో (జాబ్ మీద కొలతలు మొదలయ్యే బిందువు) పెట్టడం, టూల్ ఆఫ్‌సెట్ (మెషిన్‌కి చెప్పే టూల్ సైజు సవరణ) తీసుకోవడం, ఇన్సర్ట్ (టూల్‌కి బిగించే కోసే మొన) అరిగేకొద్దీ సైజు ఎలా జరుగుతుందో చూసి దిద్దుకోవడం, వీటికి ఒక్కొక్కరికి దక్కింది కాసేపే. ఇది చిన్న లోటు కాదండీ, జీతం పెరిగేది సరిగ్గా ఇక్కడే. జాబ్ బిగించి సైకిల్ స్టార్ట్ నొక్కడం దగ్గరే ఆగిపోతే మొదటి మెట్టు జీతమే. కొత్త జాబ్‌కి జాస్ (జాబ్‌ని పట్టుకునే దవడలు) మార్చి, టూల్స్ కట్టి, మొదటి పీసుని సైజులోకి తెచ్చే సెట్టర్‌కి అంతకంటే ఎక్కువ ఇస్తారు, ప్రోగ్రామింగ్ కూడా వస్తే ఇంకా పైకి వెళ్లొచ్చు. చేరడానికి డిగ్రీ అక్కర్లేదు, స్కూలు లెక్కలు, కాస్త త్రికోణమితి చాలన్నారు, అది నిజమే.

డ్యూటీ గంటల గురించి మాత్రం ఎవరూ నోరు విప్పలేదు, నాకు బాగా కోపం వచ్చింది ఇక్కడే. ఖరీదైన మెషిన్‌ని రాత్రిపూట ఊరికే ఉంచాలని ఏ యజమానీ అనుకోడు, కాబట్టి నైట్ షిఫ్ట్‌కి సిద్ధపడాల్సిందే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో చేసిన మొట్టమొదటి ఒప్పందమే పరిశ్రమల్లో రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటల పని గురించి. అలాంటిది 12 గంటల డ్యూటీకి ఓటీ (ఓవర్‌టైమ్) కలిపి వచ్చే మొత్తాన్ని మామూలు జీతంలా చూపించి పిల్లల్ని చేర్చుకోవడం అన్యాయం.

ఫీజు కట్టే ముందు రెండు అడగండి: ఒక్కో మెషిన్‌కి ఎంతమంది, వాళ్లు చెప్పే జీతం ఎన్ని గంటలకి. సూటిగా చెప్పకపోతే ఇంకో చోటు చూసుకోండి.