మూడేళ్ళ వారంటీలో ఇరవై రోజులు ఎటు పోయాయి?

కారు కొని నాలుగేళ్ళు దాటింది. 82,000 కిలోమీటర్లు తిరిగింది. కాంపాక్ట్ ఎస్‌యూవీ, పెట్రోల్, మాన్యువల్ గేర్లు. విజయవాడ ట్రాఫిక్‌లో లీటరుకు 12, హైదరాబాద్ హైవే మీద 17 వరకు ఇస్తుంది. సీట్లు బాగున్నాయి, నడుం నొప్పి రాలేదు. వెనక కూర్చున్నవాళ్ళకి గతుకులు కాస్త గట్టిగానే తగులుతాయి, మా అమ్మ ఇప్పటికీ ముందు సీటే అడుగుతుంది. బండి గురించి ఇంతకు మించి ఫిర్యాదు లేదు. నేను రాయాలనుకున్నది దాని వారంటీ గురించి.

2021 జులైలో 21,000 కట్టి బుక్ చేశాం. అప్పుడు ఆషాఢం. శ్రావణం వచ్చేదాకా బండి ఇంటికి తేవద్దని మా ఆవిడ ముందే చెప్పేసింది. ఆగస్టు 17న బ్యాంకు నుంచి లోన్ డబ్బు షోరూమ్‌కి వెళ్ళింది. 18న బిల్లు, ఇన్సూరెన్స్, టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్) అయ్యాయి. 20న, వరలక్ష్మీ వ్రతం రోజు, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చుకున్నాం. వారంటీ పుస్తకం మొదటి పేజీలో డెలివరీ తేదీ 20-08-2021 అని పెన్నుతో రాసి, షోరూమ్ ముద్ర వేసి ఇచ్చారు. మూడేళ్ళు లేదా లక్ష కిలోమీటర్లు, ఏది ముందైతే అది. బండి మొదటి యజమానికి అప్పగించిన రోజు నుంచి లెక్క అని అదే పేజీలో అచ్చయి ఉంది.

ఆగస్టు నెలాఖరున, బండి వచ్చి పది రోజులైందో లేదో, షోరూమ్ అమ్మాయి ఫోన్ చేసింది. "సార్, మీ బండి తీసుకుని నెలైంది, ఫస్ట్ సర్వీస్‌కి తీసుకొస్తారా?" నవ్వుకుని పెట్టేశాను. ఎవరి ఫోన్ నాకు చేసిందో అనుకున్నాను. అసలు సంగతి ఆ రోజే నా చేతికి దొరికింది, నేనే పట్టుకోలేదు.

మూడేళ్ళూ పేచీ లేకుండా నడిచింది. 2024 ఆగస్టు 11, ఆదివారం, హైదరాబాద్ నుంచి వస్తుంటే సూర్యాపేట దాటాక ఏసీ వేడిగాలి కొట్టడం మొదలుపెట్టింది. అద్దాలు దించుకుని ఇల్లు చేరాం. సోమవారం సర్వీస్ సెంటర్‌కి వెళ్తే కంప్రెసర్ పోయిందన్నారు. పుస్తకం ప్రకారం ఇంకా వారం ఉంది కదా అని నేను ధీమాగా ఉన్నాను. అడ్వైజర్ తన కంప్యూటర్ తెర నావైపు తిప్పాడు. వారంటీ మొదలు 31-07-2021, ముగింపు 30-07-2024. "పదమూడు రోజులు దాటిపోయింది సార్."

పుస్తకం చూపించాను. "అది చేత్తో రాసింది సార్, మాకు సిస్టమ్‌లో ఉన్నదే లెక్క." బండి ఫిర్యాదు నమోదు చేసే జాబ్ కార్డ్ తెరవకుండా ముందు ఎస్టిమేట్ ఇస్తానన్నాడు. అక్కడ మాత్రం నేను కదల్లేదు. ఫిర్యాదు ఏ రోజు నమోదైందన్నదే తర్వాత ముఖ్యమవుతుందని అప్పటికే అనిపించింది. 12వ తేదీ వేసి జాబ్ కార్డ్ రాయించుకున్నాను. బిల్లు 33,600 అయింది. కాపీ మీద "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాసి సంతకం పెట్టి కట్టాను. పాత కంప్రెసర్ ఇవ్వమని అడిగి తెచ్చుకుని, అట్టపెట్టెలో పెట్టి బాల్కనీలో పెట్టాను.

జులై 31 ఎక్కడినుంచి వచ్చిందో మా బావమరిది చెప్పాడు. అతను వేరే కంపెనీ షోరూమ్‌లో అమ్మకాల్లో పనిచేస్తాడు. "నెలాఖరు టార్గెట్ బావా. బుకింగులున్న బండ్లని అమ్మేసినట్టు సిస్టమ్‌లో ఎక్కించేస్తారు. కంపెనీ నుంచి ఇన్సెంటివ్ వస్తుంది. కస్టమర్‌కి బండి ఇచ్చేది తర్వాతెప్పుడో. డిసెంబర్ చివర్లో అయితే ఇంకా ఎక్కువ." అదేదో వంకాయల లెక్క చెప్పినట్టు తాపీగా చెప్పాడు. నా ఇరవై రోజులు వాళ్ళ జులై టార్గెట్‌లో కలిసిపోయాయన్నమాట.

కంపెనీ కస్టమర్ కేర్‌కి మెయిల్ పెడితే, అమ్మకం తేదీ డీలరే నమోదు చేస్తాడు, వాళ్ళతో మాట్లాడుకోండి అని జవాబు వచ్చి టికెట్ మూసేశారు. డీలర్‌ని అడిగితే, ఒకసారి ఎక్కిన తేదీ మా చేతుల్లో ఉండదు, కంపెనీయే మార్చాలి అన్నారు. రెండు వారాలు ఈ ఇద్దరి మధ్య బంతిలా తిరిగాను. మధ్యలో వర్క్స్ మేనేజర్ ఒక మాటన్నాడు: "ముహూర్తం చూసుకుని ఆలస్యం చేసింది మీరే కదా సార్." ఒక్క క్షణం నిజమే కదా అనిపించింది కూడా. ఇంటికొచ్చి కాగితాలు ముందేసుకుంటే తేలింది. జులై 31 నాటికి నేను కట్టింది 21,000 మాత్రమే. లోన్ డబ్బు వెళ్ళింది ఆగస్టు 17న. డబ్బు ముట్టకుండా, బిల్లు లేకుండా, ఇన్సూరెన్స్ లేకుండా ఏ షోరూమ్ అయినా పదకొండు లక్షల బండి అమ్ముతుందా?

రెండో మెయిల్‌లో ఆవేశం తగ్గించి, కాగితాలు పెంచాను. బిల్లు, ఇన్సూరెన్స్ పాలసీ మొదటి పేజీ, టీఆర్, బ్యాంకు లేఖ, వారంటీ పుస్తకం పేజీ ఫొటో, జాబ్ కార్డ్. ఒక్కటే ప్రశ్న: ఈ ఆరింట్లో ఒక్కదాని మీదైనా జులై 31 ఉందా? దానికీ పాత జవాబే వచ్చింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. సెప్టెంబర్ 9న తెలిసిన లాయర్‌తో డీలర్‌కి, కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపించాను. కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్దామనే ఉన్నాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, రెండేళ్ళ గడువుంటుంది. పది నుంచి ఇరవై లక్షల మధ్య కొన్నదానికి ఫీజు 400 రూపాయలే.

నాలుగో రోజు కంపెనీ ఏరియా సర్వీస్ మేనేజర్ ఫోన్ చేశాడు. మర్యాదగానే మాట్లాడాడు. "గుడ్‌విల్ కింద సగం ఇప్పిస్తాం సార్, ఇక్కడితో వదిలేద్దాం." మా ఆవిడ తీసుకోమంది. పదహారు వేలు ఊరికే రావుగా అని ఆమె లెక్క. నాకు మింగుడు పడలేదు. గుడ్‌విల్ అంటే, వారంటీ అయిపోయినా దయతలిచి ఇస్తున్నాం అని. నా వారంటీ అయిపోలేదు. సగం డబ్బు తీసుకుంటే ఆ తప్పుడు తేదీకి నేనే ఒప్పుకున్నట్టు. "డబ్బు సంగతి తర్వాత, ముందు తేదీ మార్చండి" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తేదీ మారిస్తే డబ్బు మొత్తం ఇవ్వాల్సి వస్తుందని ఆయనకీ తెలుసు.

చివరికి డీలర్ నుంచి ఒక ఉత్తరం, దానికి నా కాగితాలు జతచేసి పంపితే సరిపోయింది. కంపెనీ మార్చలేకపోవడం ఏమీ లేదు, అడగాల్సినవాడు అడగలేదంతే. అక్టోబర్ మొదటి వారంలో యాప్ తెరిస్తే వారంటీ ముగింపు 19-08-2024 అని కనిపించింది. అప్పటికే గడిచిపోయిన తేదీని చూసి అంత సంతోషపడ్డవాణ్ణి నేనొక్కణ్ణేనేమో. మరో వారానికి 33,600 ఖాతాలో పడ్డాయి.

ఈ బండి కొనొచ్చా అని అడిగితే కొనమనే చెప్తాను, ఈ షోరూమ్‌లో మాత్రం వద్దు. ఎక్కడ కొన్నా డెలివరీ రోజు సాయంత్రమే కంపెనీ యాప్‌లో వారంటీ తేదీ చూడండి. అప్పుడైతే మార్పించుకోవడం తేలిక. నేను మూడేళ్ళ తర్వాత చూశాను, రెండు నెలలు పట్టింది. ఇప్పుడు సర్వీస్‌కి గుంటూరు వెళ్తున్నాను.

అన్నట్టు, డబ్బు పడ్డ మర్నాడు షోరూమ్ నుంచి ఒక కుర్రాడు స్కూటీ మీద వచ్చాడు. వారంటీ క్లెయిమ్‌కి పాత కంప్రెసర్ కావాలట. బాల్కనీలోంచి అట్టపెట్టె తెచ్చిచ్చాను. రిజిస్టర్ తీసి సంతకం పెట్టమన్నాడు. పక్కనే తేదీ గడి ఖాళీగా ఉంది. "మేం వేసుకుంటాం లెండి సార్" అన్నాడు. వద్దు బాబూ అని పెన్ను తీసుకుని నేనే వేశాను, ఆ గడి పట్టనంత పెద్ద అంకెల్లో.