పీజీబ్యాడ్జర్ రిపోర్టులో సెక్షన్ ఖాళీగా ఉందా? ముందు కాన్ఫిగ్ చూడండి

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ లాగులను (సర్వర్ తన పని గురించి రాసుకునే ఫైళ్లను) నేను కొన్నేళ్లుగా పీజీబ్యాడ్జర్‌తోనే చదువుతున్నాను. పెర్ల్‌లో రాసిన ఒకే ఒక్క స్క్రిప్ట్ ఇది. గిగాబైట్ల కొద్దీ లాగ్ ఇచ్చినా నమిలి, బ్రౌజర్‌లో తెరుచుకునే హెచ్‌టీఎంఎల్ రిపోర్ట్ చేతికిస్తుంది. విలువలు మాత్రమే మారుతూ వచ్చిన క్వెరీలన్నిటినీ (డేటాబేస్‌కు ఇచ్చే ఆదేశాలను) ఒకే క్వెరీగా లెక్కకట్టడం నాకు బాగా నచ్చే గుణం.

అయితే లాగులో లేనిది రిపోర్టులోకి రాదు. లాక్‌ల సెక్షన్ (ఒక క్వెరీ మరొకటి వదిలేదాకా ఆగిన సందర్భాలు) ఖాళీగా కనిపిస్తే హమ్మయ్య అనుకునే ముందు లాగ్_లాక్_వెయిట్స్ సెట్టింగ్ ఆన్‌లో ఉందో లేదో చూడాలి. ఆన్ చేసినా, డెడ్‌లాక్_టైమౌట్ దాటి (డిఫాల్ట్‌గా 1 సెకను) ఆగినవే లాగులో పడతాయి. టెంప్ ఫైళ్లదీ (మెమరీ చాలనప్పుడు క్వెరీ డిస్క్‌పై రాసే తాత్కాలిక ఫైళ్లు) అంతే. లాగ్_టెంప్_ఫైల్స్ డిఫాల్ట్ విలువ -1, అంటే ఏదీ రాయదు. పోస్ట్‌గ్రెస్ 15 నుంచి చెక్‌పాయింట్ల (మెమరీలోని మార్పులను డిస్క్‌కు రాసే పని) లాగింగ్ డిఫాల్ట్‌గా ఆన్ అయింది, ఆటోవాక్యూమ్ (పాత, పనికిరాని వరుసలను తనంతట తాను శుభ్రం చేసే పని) 10 నిమిషాలు దాటితేనే లాగులో పడేలా హద్దు వచ్చింది. చిన్న డేటాబేసుల్లో వాక్యూమ్ అంతసేపు నడవదు కాబట్టి, పని సజావుగా జరుగుతున్నా ఆ పేజీ బోసిగానే ఉంటుంది.

అన్నిటికన్నా తికమక పెట్టేది, ఎంతసేపు నడిచిన క్వెరీని లాగులో రాయాలో చెప్పే లాగ్_మిన్_డ్యూరేషన్_స్టేట్‌మెంట్. సున్నా పెడితే ప్రతి క్వెరీ లాగవుతుంది, బిజీ సర్వర్లో డిస్క్ నిండిపోతుందేమోనని టెన్షన్. అందుకే నేను అర సెకను పెడతాను. కానీ అప్పుడు ‘ఎక్కువసార్లు నడిచిన క్వెరీలు’ అనే పట్టికలో అర సెకను దాటినవే ఉంటాయి. 5 మిల్లీసెకన్లలో ముగుస్తూ లక్షలసార్లు నడిచి సీపీయూను తినేసే క్వెరీ అందులో కనిపించదు. దానికి క్వెరీల గణాంకాలు పోగుచేసే పోస్ట్‌గ్రెస్ ఎక్స్‌టెన్షన్ పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్ చూడాల్సిందే. టీమ్‌లోకి కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరికీ నేను మొదట చెప్పే మాట ఇదే.

సెట్టింగ్ ఎప్పుడు మారిందో కూడా లాగే చెబుతుంది. కాన్ఫిగ్ రీలోడ్ చేసినప్పుడు ఏ పారామీటర్ ఏ విలువకు మారిందో, ఏది రీస్టార్ట్ చేస్తే తప్ప మారదో పోస్ట్‌గ్రెస్ అక్కడ రాస్తుంది. ఆ లైన్లను గ్రెప్ అనే వెతుకులాట కమాండ్‌తో తీసి ఆ రోజు రిపోర్ట్ పక్కనే ఉంచుతాను. మంగళవారం నుంచి టెంప్ ఫైళ్లు పెరిగాయంటే, సోమవారం రాత్రి వర్క్_మెమ్ (క్వెరీ పనులకు ఇచ్చే మెమరీ హద్దు) ఎవరైనా తగ్గించారా అన్నది వెంటనే తేలిపోతుంది.

పీజీబ్యాడ్జర్ లాగును చదవాలంటే లాగ్ లైన్ ప్రిఫిక్స్ (ప్రతి లైను మొదట్లో వచ్చే సమయం లాంటి వివరాల ఆకృతి) సరిగ్గా ఇవ్వాలి, మెసేజీలు ఇంగ్లీషులోనే ఉండాలి. రోజువారీ వాడకానికి ఇంక్రిమెంటల్ మోడ్ (కిందటిసారి ఆపిన చోటు నుంచే చదివే పద్ధతి) హాయి, వారం రిపోర్ట్ కూడా అదే కట్టిస్తుంది. బయటివాళ్లకు పంపేటప్పుడు మాత్రం క్వెరీల్లోని విలువలను మరుగుపరిచే అనానిమైజ్ ఆప్షన్ తప్పనిసరిగా పెట్టండి. లేకపోతే క్వెరీల్లో కస్టమర్ల ఫోన్ నంబర్లు, ఈమెయిళ్లు ఉన్నవి ఉన్నట్టు రిపోర్టులోకి వచ్చేస్తాయి.