ఓడ ప్రమాదాల ప్రదర్శన: సెలవుల్లో వెళ్లవచ్చా?

శ్రీవారి దర్శనం ముగించుకుని, తిరుగు రైలుకు ఒక పూట మిగిలినవారు తిరుపతిలో ఈ వేసవికి ఏర్పాటైన ఓడ ప్రమాదాల చరిత్ర ప్రదర్శనకు నిస్సంకోచంగా వెళ్లవచ్చు. 1628లో స్టాక్‌హోమ్ రేవు నుంచి తొలిసారి బయలుదేరి, ఒకటిన్నర కిలోమీటరైనా సాగకుండానే మునిగిపోయిన స్వీడన్ యుద్ధనౌక వాసా నమూనాయే ఇక్కడ ప్రధాన ఆకర్షణ. పైబరువు ఎక్కువై గాలికి ఒరిగిన ఆ ఓడలోకి, తెరిచి ఉంచిన కింది వరుస ఫిరంగి కిటికీల గుండా నీరు ఎలా చొరబడిందో ఒక పక్క కోసిన నమూనాలో చూపినందున, పిల్లలకు సైతం ఇట్టే బోధపడుతుంది. 1961లో పైకి తీసిన ఓడ చెక్క ఎండి బీటలు వారకుండా ఏళ్ల తరబడి రసాయనం చిలకరించిన వైనాన్ని మాత్రం ఒక్క ఫలకంతో సరిపెట్టడం అన్యాయమే. టైటానిక్ విభాగం అందరికీ తెలిసిన కథ. తెలుగు వివరణల అక్షరాలు మరీ చిన్నవి కనుక, పెద్దవారు కళ్లద్దాలు వెంట తీసుకువెళ్లడం మేలు.