కొరోవిన్ వేగమా, లెవితాన్ నిదానమా: ప్రకృతి చిత్రణకు ఏది మేలు?

తైలవర్ణాలతో ప్రకృతి దృశ్యాలు వేయడం నేర్చుకునేవారికి ఒక సందేహం తప్పకుండా వస్తుంది. ఆరుబయట కూర్చున్న చోటనే ఒకే విడతలో చిత్రాన్ని ముగించాలా, లేక అక్కడ చిన్న స్కెచ్‌లు మాత్రం వేసుకొని, తరువాత స్టూడియోలో పెద్ద కాన్వాస్‌పై తీరికగా గీయాలా? ఈ రెండు పద్ధతులనూ పోల్చి చూడడానికి మాస్కో చిత్రకళా పాఠశాలలో సవ్రాసోవ్, పొలెనోవ్‌ల దగ్గర కలిసి చదువుకున్న రష్యన్ చిత్రకారులు కొన్‌స్తాంతిన్ కొరోవిన్, ఇసాక్ లెవితాన్‌ల కంటే తగిన జంట నాకు కనబడదు.

కొరోవిన్ 1861లో మాస్కోలో ఒక వర్తక కుటుంబంలో పుట్టాడు. ఆ కుటుంబం తరువాత దివాలా తీసింది. లెవితాన్ 1860లో, నేటి లిథువేనియాలో ఉన్న కిబార్తిలో పేద యూదు కుటుంబంలో పుట్టి, 1877 నాటికే తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్నాడు. 1879లో యూదులను మాస్కో నుంచి వెళ్ళగొట్టినప్పుడు నగరం విడిచి వెళ్ళవలసి వచ్చింది. ఇద్దరూ లేమిని చూసినవారే అయినా కొరోవిన్ కుంచెలో ఉల్లాసం, లెవితాన్ కుంచెలో విషాదం పలుకుతాయని అందరూ అంటారు. ఆ మాటను పూర్తిగా నమ్మే ముందు మాస్కోలోని ట్రెత్యకోవ్ గ్యాలరీలో ఉన్న రెండు చిత్రాలను చూడాలి.

కొరోవిన్ 1894లో వేసిన ‘శీతాకాలంలో’ అనే చిన్న చిత్రంలో కొయ్య ఇంటి ముందు, కంచె పక్కన, స్లెడ్జికి (మంచుపై జారే బండికి) కట్టిన గుర్రం నిలబడి ఉంటుంది. మంచు, ఆకాశం అన్నీ బూడిద రంగులోని ఛాయలే. లెవితాన్ 1895లో వేసిన ‘మార్చి’లోనూ ఇంటి ముందు స్లెడ్జి, గుర్రమే, కానీ అక్కడ గోడపై పసుపు ఎండ, మంచుపై నీలి నీడలు, వెనుక ముదురు ఆకుపచ్చ అడవి. రంగులవాడని పేరుపడ్డ కొరోవిన్ బూడిద రంగుకే పరిమితం కాగా, నిదానస్తుడైన లెవితాన్ తన చిత్రాన్ని ఎక్కువగా ఆరుబయటనే, కొద్ది విడతల్లో, ప్రకాశవంతమైన రంగులతో వేశాడు. కాబట్టి వేగం వేరు, రంగుల ఆడంబరం వేరు.

కొరోవిన్ వేగం వెనుక ఉన్న పని తీరు ఇది: ముందుగా వెలుగునీడల పెద్ద ముద్దలను నిర్ణయించుకోవడం, వెడల్పు కుంచెతో తడి రంగు పక్కన తడి రంగును ఒకసారి పెట్టి వదిలేయడం, ఏ రంగునూ విడిగా చూడక పక్క రంగుతో దానికి గల సంబంధాన్ని చూడడం. తడి రంగును మళ్ళీ మళ్ళీ కెలికితే అది బురదలా మారుతుంది కనుక, చెయ్యి ఆడించే ముందే కన్ను తేల్చుకోవాలి. మామొంతోవ్ అనే సంపన్నుడు మాస్కోలో నడిపిన సంగీత నాటకశాలకు భారీ తెరలు వేసిన అనుభవం కూడా ఆ చేతికి ధైర్యాన్నిచ్చిందని నా అభిప్రాయం. ఎండ గంట రెండు గంటలకే మారిపోయే చోట ఈ పద్ధతికి సాటి లేదు.

అయితే లెవితాన్ వేసిన ‘శాశ్వత విశ్రాంతిపై’ (1894) వంటి చిత్రం ఒక్క విడతలో పుట్టదు. 150 సెంటీమీటర్ల ఎత్తు, 206 సెంటీమీటర్ల వెడల్పు గల ఆ కాన్వాస్‌లో ఉదొమ్ల్యా సరస్సు దగ్గర చూసిన నీటిని, వోల్గా తీరంలోని ప్లియోస్ పట్టణంలో స్కెచ్ వేసుకున్న కొయ్య చర్చిని ఆయన ఒకచోట చేర్చాడు. కళ్ళెదుట లేని దృశ్యాన్ని ఆలోచనతో నిర్మించాలంటే ఆయన దారే శరణ్యం. హృద్రోగంతో 1900లోనే, నలభై నిండకుండానే, ఆయన కన్నుమూయడం రష్యన్ కళకు తీరని లోటు.

వేగానికి ఉన్న అపాయాన్నీ దాచకూడదు. కొరోవిన్ 1920లలో పారిస్ చేరి, 1939లో మరణించేదాకా అక్కడే ఉన్నాడు. బ్రతుకుతెరువు కోసం రాత్రివేళ పారిస్ వీధులను, జ్ఞాపకంలోని రష్యన్ శీతాకాలాలను పదేపదే వేశాడు. వాటిలో కొన్ని మెరుపులు. కొన్నింటిలో మాత్రం కంటి పరిశీలన తగ్గి, చేతి అలవాటే మిగిలింది.

ఈ లాభనష్టాలను తూచి, నేర్చుకునేవారికి నేను కొరోవిన్ పద్ధతినే సూచిస్తాను. ఎందుకంటే స్టూడియోలో గీయడానికి కావలసిన పరిశీలన కూడా ఆ వేగవంతమైన సాధన నుంచే వస్తుంది. కానీ మొదలుపెట్టవలసింది పారిస్ దీపాల నుంచి కాదు, ‘శీతాకాలంలో’ చిత్రం నుంచి: తెలుపు, నీలం, గోధుమ వంటి కొద్ది రంగులతో బూడిద ఛాయలు సరిగా కుదిరాకే మిగతా రంగుల జోలికి వెళ్ళాలి.