బ్రాడీపేట వేపచెట్టు కింద బజ్జీ, సోడా: రెండు బళ్ళకీ కలిపి ఒకటే రివ్యూ

మిరపకాయ బజ్జీకి ఒక మార్కు, గోలీ సోడాకి ఇంకో మార్కు వేయడం నాకు నచ్చదు. అవి జంట. అందుకే గుంటూరు బ్రాడీపేటలో ఓ అడ్డరోడ్డు మొదట్లో, వేపచెట్టు కింద పక్కపక్కనే నిలబడే రెండు బళ్ళ గురించి కలిపే రాస్తున్నాను. దేనికీ బోర్డు లేదు. బజ్జీల బండి భార్యాభర్తలది, సోడా బండి వేరే కుర్రాడిది. ఇక్కడ నిలబడి చెయ్యి చాపితే అక్కడి గ్లాసు అందుతుంది. నా దృష్టిలో ఈ రెండు బళ్ళకున్న మొదటి గొప్పతనం అదే.

బజ్జీ మూకుట్లోంచి తీసిన నాలుగైదు నిమిషాల్లోనే తినాలి. ఆ తర్వాత లోపలి కాయ ఆవిరికి పైపొర మెత్తబడిపోతుంది. సోడా అయితే కొట్టిన క్షణం నుంచే గ్యాస్ పోతుంటుంది. ఈమధ్య ఊళ్ళో ఒక ఏసీ హోటల్లో ఇదే జంటను కాంబో అని మెనూలో చూసి ఆశగా వెళ్ళాం. సోడా ముందొచ్చింది, బజ్జీలు పావుగంట తర్వాత వచ్చాయి. అప్పటికి గ్లాసులో మిగిలింది నిమ్మకాయ నీళ్ళు. బిల్లు చూసి మా చెల్లికి నిజంగానే కోపం వచ్చింది.

ఇక ఇక్కడి బజ్జీ. గుంటూరు మిర్చి అనగానే యార్డులో బస్తాల కొద్దీ ఎర్రటి కాయలే గుర్తొస్తాయి కానీ, అవి బజ్జీకి పనికిరావు. సన్నం, తేజ లాంటి రకాలు ఎండబెట్టి కారం పట్టించుకోవడానికి. బజ్జీ కాయ పొడుగ్గా, లావుగా, లేతాకుపచ్చగా ఉంటుంది. కండ ఎక్కువ, కారం తక్కువ. ఆమె కాయకు నిలువునా గాటు పెట్టి గింజలు సగమే తీస్తుంది. మొత్తం తీసేస్తే చప్పబడిపోతుంది, అసలు తీయకపోతే పిల్లలు తినలేరు. లోపల చింతపండు గుజ్జు, వాము, ఉప్పు కలిపిన ముద్ద పూస్తుంది. ఆయన కాయను శనగపిండి జారులో ముంచి, ఒక పక్క గిన్నె అంచుకు గీరి నూనెలో వదులుతాడు. గీరిన పక్క పిండి పల్చగా ఉండి కాయ పచ్చగా బయటికి కనిపిస్తుంది, అక్కడ నూనె తగిలి కాయ బాగా మగ్గుతుంది. చాలా బళ్ళలో ఈ ఒక్క పని చేయరు, అందుకే పైన పిండి వేగినా లోపల కాయ పచ్చివాసన కొడుతుంది. వంటసోడా కూడా ఇక్కడ తక్కువే. అది ఎక్కువైతే బజ్జీ బాగా పొంగుతుంది కానీ నూనె పీల్చేస్తుంది.

"కోసి ఇవ్వనా అక్కా, అలాగే ఇవ్వనా?" అని అడుగుతుంది. కోయించుకోండి. ముక్కలు చేసి మళ్ళీ ఒకసారి నూనెలో తిప్పి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, వేయించిన పల్లీలు, కాస్త కారం చల్లి నిమ్మకాయ పిండుతుంది. ప్లేటు 40 రూపాయలు. న్యూస్‌పేపర్ ముక్కలో పెట్టకుండా విస్తరాకు దొన్నెలో ఇస్తారు, అది నాకు చాలా నచ్చింది.

సగం ప్లేటు అయ్యాక సోడా చెప్పండి, ముందు వద్దు. గోలీ సీసాకు ఇంగ్లండులో హైరం కాడ్ 1872లో పేటెంట్ తీసుకున్నాడు. దానికి మూత ఉండదు. లోపలి గ్యాసే గోలీని పైకి నెట్టి, మెడలో ఉన్న రబ్బరు వాషరుకు అదిమిపెడుతుంది. కుర్రాడు గ్లాసులో ముందు నిమ్మరసం, ఉప్పు వేసుకుని, బొటనవేలితో గోలీ నొక్కి, సోడాను పైనుంచి పోస్తాడు. ఉప్పు తగలగానే నురగ గ్లాసు అంచుదాకా లేస్తుంది. అది అణగకముందే మొదటి గుక్క తాగాలి. 20 రూపాయలు.

సోడా మంట తగ్గిస్తుందని చాలామంది అనుకుంటారు. తగ్గించదు. మిర్చిలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్ళలో సరిగ్గా కరగదు, పైగా గ్యాస్ కూడా నాలుక మీద చురుక్కుమనిపిస్తుంది. మంటే తగ్గాలంటే మజ్జిగ తాగాలి. సోడాలోని నిమ్మ పులుపు నోట్లోని నూనె జిడ్డును విరిచేస్తుంది, దాంతో తర్వాతి ముక్క కూడా మొదటి ముక్క అంత రుచిగా ఉంటుంది. అందుకే బజ్జీతో తీపి సోడా వద్దంటాను.

మా అక్క కొడుకు అట్లాంటాలో ఉంటాడు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో పాతతరం వాళ్ళు కోక్ సీసాలో ఉప్పు పల్లీలు పోసుకుని, తాగుతూ నములుతారని వాడు చెప్పినప్పుడు నాకు వింతగా అనిపించలేదు. కోకాకోలా 1886లో ఆ ఊళ్ళోనే పుట్టింది, పల్లీలేమో ఆ జార్జియా రాష్ట్రంలో విరివిగా పండుతాయి. ఉప్పు, పల్లీ, గ్యాస్ ఒకచోట చేరితే ఎంత బాగుంటుందో వాళ్ళూ కనిపెట్టారు. వాళ్ళది తీపి దారి, మనది పులుపు దారి.

నాకు ఈ జంట మీద ఇంత మమకారం ఉండటానికి కారణం ఉంది. మా చిన్నప్పుడు ఆడపిల్లలు బండి దగ్గర నిలబడి తినేవాళ్ళు కాదు. నాన్న బజ్జీల పొట్లం ఇంటికి తెచ్చేవారు. సోడా మాత్రం వచ్చేది కాదు, ఖాళీ సీసా అక్కడే తిరిగి ఇచ్చేయాలి కదా! అన్నయ్యలు వీధి చివర సోడా తాగొచ్చి త్రేనుస్తుంటే, మేం చల్లారిన బజ్జీలు మంచినీళ్ళతో తినేవాళ్ళం. ఇప్పుడు అదే బ్రాడీపేటలో కాలేజీ అమ్మాయిలు గుంపుగా నిలబడి "అన్నా, ఇంకో ఉప్పు సోడా కొట్టు" అని అరుస్తుంటే నాకు చెప్పలేనంత సంతోషంగా ఉంటుంది.

లోపాలూ ఉన్నాయి. శనగచట్నీ మరీ నీళ్ళు, అల్లం ఘాటే తెలియదు. రద్దీ ఉంటే సోడా ప్లాస్టిక్ గ్లాసులో పోసేస్తాడు, స్టీలు గ్లాసు కావాలని అడిగితే కడిగి ఇస్తాడు. కూర్చోవడానికి చోటు లేదు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు కష్టం. బీపీ ఉన్నవాళ్ళు ఉప్పు తగ్గించమని ముందే చెప్పాలి. రాత్రి ఎనిమిది దాటితే నూనె నల్లబడటం కనిపిస్తుంది, నేనైతే అప్పుడు తినను.

సాయంత్రం ఐదున్నర, ఆరు మధ్య వెళ్ళండి. కొత్త నూనె, మొదటి వాయిలు దొరుకుతాయి. పిల్లలు వెంట ఉంటే బజ్జీలు పూర్తయ్యాక వాళ్ళకు సుగంధి సోడా ఇప్పించండి. వాన పడితే మాత్రం రెండు బళ్ళూ రావు. ఫోన్‌పే ఉంది కానీ స్కానర్ బజ్జీల బండికే ఉంది, సోడా డబ్బులు కూడా అక్కడే కట్టేయొచ్చు.