ఓఫాక్ సెర్చ్ పేజీ: పేరు తగల్లేదంటే గండం గడిచినట్టేనా?

అమెరికా ట్రెజరీ శాఖలోని ఆంక్షల విభాగం ఓఫాక్ నడిపే ‘శాంక్షన్స్ లిస్ట్ సెర్చ్’, అంటే ఆంక్షల జాబితాలో పేర్లు వెతికే పేజీ, పూర్తిగా ఉచితం, లాగిన్ కూడా అక్కర్లేదు. మానవ హక్కులను కాలరాసిన విదేశీయుల ఆస్తులను స్తంభింపజేయడానికి 2016లో గ్లోబల్ మాగ్నిట్‌స్కీ చట్టం వచ్చింది. 2017 డిసెంబరులో 13818 నంబరు ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ (అధ్యక్షుడి ఉత్తర్వు) దాన్ని అమల్లో పెట్టింది. వీటి కింద జాబితాకెక్కిన పేర్ల పక్కన ‘గ్లోమాగ్’ అనే గుర్తు ఉంటుంది.

అమెరికా చట్టంతో మనకేం పని అని గుంటూరు మిర్చి ఎగుమతిదారు అనుకోవచ్చు. బిల్లు డాలర్లలో ఉంటే సొమ్ము సాధారణంగా అమెరికా బ్యాంకు మీదుగానే వస్తుంది. అక్కడ పేరు తగిలితే డబ్బు ఆగిపోతుంది. కాబట్టి సరుకు కంటెయినర్‌కెక్కక ముందే కొనుగోలుదారు కంపెనీ పేరు, యజమానులు, డైరెక్టర్ల పేర్లు, ఓడ పేరు విడివిడిగా కొట్టి చూడాలి.

ఈ పేజీలో అసలు కీలకం ‘మినిమమ్ నేమ్ స్కోర్’ స్లైడర్. తెరవగానే అది 100 మీద ఉంటుంది, అంటే అచ్చంగా కలిసిన పేర్లే చూపిస్తుంది. చాలామంది దాన్ని కదపరు, ఒక్క అక్షరం తేడాతో పేరు తప్పిపోతుంది. ఇంత పెట్టండి అని ఓఫాక్ చెప్పదు. 85తో మొదలుపెట్టి, ఫలితాలు మరీ తక్కువైతే 80కి దించడం మా సలహా. పోలిక చూడటానికి వెనక రెండు పద్ధతులు పనిచేస్తాయి: అక్షరాల వరసను పోల్చే జారో-వింక్లర్, ఉచ్చారణను పోల్చే సౌండెక్స్. లక్ష్మిని ఇంగ్లీషులో ‘కేఎస్‌హెచ్’తో రాసినా ‘ఎక్స్’తో రాసినా సౌండెక్స్‌కు ఒకటే. మొదటి అక్షరం మారితే మాత్రం రెండూ తడబడతాయి. గడాఫీని జితో, కెతో, క్యూతో మూడు రకాలుగా రాస్తారు, మూడూ వెతకాల్సిందే. ఇంటిపేరు ముందా వెనకా అన్న బెంగ అక్కర్లేదు, పేరును ముక్కలుగా విడగొట్టి కూడా పోలుస్తుంది. పొడి అక్షరాలు మాత్రం వద్దు, పూర్తి పేరు కొట్టాలి.

ఇలా దగ్గరగా ఉన్న పేర్లను కూడా పట్టే పోలిక పేరు గడికి మాత్రమే. దేశం గడిని ఖాళీగా వదిలేయడం మేలు. అది జాతీయతను కాదు, చిరునామాను చూస్తుంది.

ఉత్త ‘అలీ’ అని కొడితే పేజీలకు పేజీలు వస్తాయి. కంగారు పడక్కర్లేదు. పేరు మీద నొక్కితే పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు, మారుపేర్లు కనిపిస్తాయి. కొనుగోలుదారు పత్రాలతో వాటిని సరిచూస్తే చాలావరకు అక్కడే తేలిపోతుంది. ‘వీక్’ (చాలామందికి ఉండే, బలహీనమైన గుర్తు) అని రాసిన మారుపేరు ఒక్కటే కలిస్తే దాన్ని పట్టుకుని వేలాడొద్దు.

పెద్ద లోపం వేరే ఉంది. జాబితాలో ఉన్నవారికి కలిపి 50 శాతం లేదా అంతకుమించి వాటా ఉన్న కంపెనీ, దాని పేరు ఎక్కడా లేకపోయినా, ఆంక్షల కిందికే వస్తుంది. ఇద్దరికి చెరో 25 ఉన్నా సరిపోతుంది. ఈ లెక్క సెర్చ్ పేజీకి తెలియదు. చైనాలోని షిన్‌జియాంగ్ ప్రొడక్షన్ అండ్ కన్‌స్ట్రక్షన్ కోర్ 2020 జులై 31న జాబితాకెక్కింది. పత్తితో సహా అనేక వ్యాపారాల్లో ఉన్న దాని అనుబంధ సంస్థలు ఎన్నో. చైనా నుంచి నూలో బట్టో తెప్పించేవారు వాటాదారుల వివరాలు అడిగి తీసుకుని, ఆ పేర్లను కూడా కొట్టాలి.

పేర్లు ఒక్కొక్కటే వెతకాలి, ఎక్సెల్ షీటు ఎక్కించే వీలు లేదు. వందల పేర్లుంటే జాబితా ఫైలునే దింపుకోవాలి. బ్రిటన్, ఐరోపా సమాఖ్య, కెనడాలకు ఇలాంటి చట్టాలే ఉన్నా వాటి జాబితాలు వేరు. పౌండ్లలోనో యూరోల్లోనో బేరమైతే ఆ జాబితాలూ చూడాలి.

తీసేసిన పేరు ఇక్కడ ఆనవాలు లేకుండా పోతుంది. హంగరీ మంత్రి అంటాల్ రోగాన్‌ను 2025 జనవరిలో చేర్చి ఏప్రిల్‌లో తొలగించారు. అందుకే వెతికిన రోజే, స్లైడర్ ఎంత మీద ఉందో కనిపించేలా, ఫలితాల పేజీని తేదీతో పీడీఎఫ్ చేసి బిల్లుతో పాటు దాచుకోవాలి.